ఎవరమ్మాయివి నువ్వు?

అమలాపురం

ప్రియమైన బావకి,

నువ్వు కెనడా నుంచి పంపిన పుస్తకం, దాంతోపాటు పెట్టిన ఉత్తరం అందాయి. కొత్తపేట వెళ్ళి మీ అమ్మగారిని చూసొచ్చాను. మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గిందన్నారు. పెరట్లో కొబ్బరి దింపు అయింది, ఒలుపు మనుషులు దొరక్క కాయ అలాగే కుప్పపోసి ఉంది. నీ సంగతులే అడిగారు, మీ పాప సంగతులు ఇంకా ఎక్కువ అడిగారు.

ఇక నువ్వడిగినదానికి వస్తాను. క్విబెక్ నగరాన్ని ఆనుకుని వెండాకె అనే ఊరుందనీ, అక్కడి వెండాట్ జాతివాళ్ళు మాట్లాడే నోరే లేకుండా పోయిన తమ భాషని పాత పుస్తకాల్లోంచి తవ్వి తీసి నేర్చుకుంటున్నారనీ రాశావు. 'ఆ భాషలో ప్రతి క్రియకీ ముందు ఎవరో ఒక మనిషి ఉండి తీరాలట, నాన్న అనే మాట కూడా ఒట్టిగా అనడానికి వీల్లేదట, ఇదేం వ్యాకరణం బావా, తెలుగు మేష్టారివి, నువ్వే చెప్పాలి' అన్నావు. ఆ 'మేష్టారివి'లో చివరి 'వి' దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది. అక్కడికి నెమ్మదిగా వస్తాను. ముందు నువ్వు పంపిన పుస్తకంలోని ఫాదరీ గారి సంగతి.

జాఁ ద బ్రెబెఫ్ ఫ్రాన్సు నుంచి 1625లో కెనడా చేరిన జెసూట్ ఫాదరీ. హ్యూరన్ సరస్సులో జార్జియన్ అఖాతం ఉంది కదా, దాని ఒడ్డున ఇప్పటి అంటారియోలో ఉండేవి వెండాట్ల పల్లెలు. హ్యూరన్లు అన్నది ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరు. వాళ్ళు తమని తాము వెండాట్లమనే చెప్పుకునేవారు. బ్రెబెఫ్ వాళ్ళ మధ్య కాపురం ఉండి, వాళ్ళ తిండి తిని, వాళ్ళ నోట విని భాష పట్టుకున్నాడు. 1636లో క్విబెక్‌లోని తన పెద్ద పాల్ లె జ్యూన్‌కి పంపిన నివేదికలో ఒక ఇబ్బంది రాశాడు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మల పేరిట అనే మాట, క్రైస్తవంలో ప్రతి ప్రార్థనకీ మొదలూ చివరా వచ్చే మాట, ఈ భాషలోకి రావడం లేదన్నాడు. ఎందుకంటే వెండాట్‌లో తండ్రి అని ఒట్టిగా అనలేరు. నా తండ్రి, నీ తండ్రి, అతని తండ్రి, వీటిలో ఏదో ఒకటి అనాలి. కొడుకూ అంతే, యజమానీ అంతే, నౌకరూ అంతే. బంధం తెలిపే ఏ మాటైనా ఎవరికి అన్నది చెప్పకుండా నోట్లోంచి ఊడి రాదు. అందుకని, మంచి మార్గం దొరికేదాకా 'మా తండ్రి పేరిట, ఆయన కుమారుడి పేరిట, వారి పరిశుద్ధాత్మ పేరిట' అని చెప్పించవచ్చునా, సెలవివ్వండి అని అడిగాడు.

బావా, ఇది చదివి నాకు ఒళ్ళు పులకరించింది. వెండాట్‌కి అప్పటికి రాసిపెట్టిన వ్యాకరణమంటూ లేదు. ఆ స్థితిలో పరాయి దేశస్థుడు ఒక భాష గుండెకాయ ఎక్కడుందో సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టాడు. మతం నేర్పడానికి వెళ్ళినవాడికి మొట్టమొదటి వాక్యం దగ్గరే భాష అడ్డం తిరిగింది. ఆయన దాన్ని అనాగరికం అని తోసెయ్యలేదు, ఉన్నది ఉన్నట్టు రాశాడు. ఆయన చేసిన మత ప్రచారం గురించి ఎవరేమనుకున్నా, ఆ రాతకి మాత్రం నేను చేతులెత్తి మొక్కుతాను.

అదే నివేదికలో ఇంకొక మాట ఉంది, నువ్వు చూశావో లేదో. పరలోకమందున్న మా తండ్రీ అని తండ్రి చనిపోయినవాడి చేత అనిపించడం కష్టమైంది. పోయిన ఆప్తుల్ని ఎదుటివాడికి గుర్తు చెయ్యడం వెండాట్లలో పెద్ద అవమానం. కొద్ది రోజుల ముందే తల్లిని పోగొట్టుకున్న ఒక స్త్రీ బాప్తిస్మం తీసుకుంటానని వచ్చి, నీ తల్లిదండ్రుల్ని సన్మానించు అన్న ఆజ్ఞ చెవినపడేసరికి మనసు విరిగి వెనక్కి తగ్గబోయిందట. ఇందులో ఆవిడ పట్టుదల కంటే నాకు ఆ భాషే కనిపించింది. తల్లి అనే మాట అందరికీ చెందిన ఒట్టి మాటగా ఉండుంటే ఆవిడకి అంత తగిలేది కాదు. ఆ భాషలో అది 'నీ తల్లి' అయే వచ్చి తగులుతుంది.

ఇంకొక విచిత్రం. పెదవులు కలిపి పలికే అక్షరాలు వెండాట్‌లో లేవని బ్రెబెఫ్ గమనించాడు. ప, బ, మ లేవు. అమ్మ అనడానికీ, బాబు అనడానికీ, మనం అనడానికీ పెదవి కలపాల్సిన మనకి ఇది ఊహకే అందదు.

ఇక ఆ ముందు చేరే మనిషి సంగతి. వెండాట్‌కి ఇరొక్వోయన్ భాషల కుటుంబంలో మోహాక్ అక్కచెల్లెలు. అది ఇప్పటికీ మాట్లాడుతున్న భాష, మాంట్రియల్ దగ్గరే కాబట్టి నీకు విన్న గుర్తు ఉండవచ్చు. అందులో మా నాన్న అనడానికి రకెనీహ అంటారు. మొదట ఉన్న 'రక' ఒట్టి 'నా' కాదు. అతడు, నాకు అనే ఇద్దరు మనుషులు అందులో కలిసి ఉన్నారు. అతడు నాకు తండ్రి అవుతాడు అని మొత్తం ఒక వాక్యం ఆ మాటలో ఉంది. మా అబ్బాయి అనాలంటే ఆ మాట 'రి'తో మొదలవుతుంది. అందులోనూ ఇద్దరున్నారు, కానీ తిరగబడ్డారు: నేను, వాడికి. పెద్దవాళ్ళు ఎప్పుడూ చేసేవాళ్ళ స్థానంలో ఉంటారు, చిన్నవాళ్ళు అందుకునేవాళ్ళ స్థానంలో. నాన్న గురించి కొడుకు చెప్పినా, కొడుకు గురించి నాన్న చెప్పినా ఆ వరస మారదు. క్రియలకీ ఇదే పద్ధతి. ఎవరు చేశారు, ఎవరికి చేశారు అన్న రెండూ ఒక్క చిన్న అక్షరాల ముద్దలో కలిసిపోయి క్రియ ముందు కూర్చుంటాయి. నేను నిన్ను అనడానికి ఒకటి, నువ్వు నన్ను అనడానికి ఇంకొకటి, ఆమె వాళ్ళని అనడానికి మరొకటి. ఇలాంటివి పదుల కొద్దీ ఉన్నాయి. అవి రానివాడికి ఆ భాషలో ఒక్క క్రియ కూడా రాదు. ధాతువు ఒక్కటే తెలిస్తే దాన్ని పలకడానికి వీల్లేదు.

ఇప్పుడు మన గోదారి దగ్గరికి రా.

సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్ళే పంటు ఎక్కాను. జనం, మోటారు సైకిళ్ళు, అరటి గెలలు. రెయిలింగు పట్టుకుని ఒక అమ్మాయి నిలబడింది, కాలేజీ పిల్లలా ఉంది. పక్కన గోనెసంచి మీద కూర్చున్న ముసలావిడ కాసేపు పిల్లని ఎగాదిగా చూసి, 'ఎవరమ్మాయివే నువ్వు?' అంది. మన వైపు ఎవరూ నీ పేరేంటని మొదట అడగరు కదా! 'ఫలానా మేష్టారి మనవరాల్నండి' అంది ఆ పిల్ల. ముసలావిడ కళ్ళు మూసుకుని లెక్క చూసుకున్నట్టు చూసుకుని, 'ఆయ్, అయితే మా చెల్లెలి తోటికోడలి మనవరాలివే!' అని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోపెట్టుకుంది. వశిష్ఠ పాయ దాటేలోగా ఆ పిల్లకి ఒక జంతికల పొట్లం, బోలెడన్ని ప్రశ్నలు దక్కాయి.

ఆ రెండు మాటలు విప్పి చూడు. మనవరాలిని, మనవరాలివి. మనవరాలు నామవాచకం, క్రియ కాదు. అయినా దానికి వెనక మనిషి తగిలాడు. 'ని' అంటే నేను, 'వి' అంటే నువ్వు. మేం రైతులం అంటాం, నేను కోనసీమవాణ్ణి అంటాం. ఇంగ్లీషు మాటలు వచ్చి పడినా తెలుగు ఊరుకోలేదు. డాక్టర్ని, ఇంజనీర్ని, స్టూడెంటువి అని వాటికీ మనిషిని తగిలించింది. నేటి తమిళంలో, నేటి కన్నడంలో నామవాచకానికి ఇలా పురుష ప్రత్యయం చేరదు. మలయాళంలో అయితే క్రియకే చేరదు. నేను వచ్చినా, నువ్వు వచ్చినా, వాడు వచ్చినా వాళ్ళకి వన్ను అనే ఒక్క రూపం చాలు. పక్కపక్కనున్న పెద్ద భాషలు వదిలేసినదాన్ని తెలుగు ఇంత గట్టిగా పట్టుకుని ఉండడం నాకు గర్వంగా ఉంది. బళ్ళో పిల్లలకి దీన్ని ఒక సూత్రంగా చెప్పి ముందుకి వెళ్ళిపోతాం. ఆగి చూపించాల్సిన విషయం ఇది.

ఇంకా చూడు. ముసలావిడ వాక్యం 'మా' దగ్గర మొదలైంది, 'వి' దగ్గర ఆగింది. ఈ చివర తను, ఆ చివర ఆ పిల్ల. నడుమ చెల్లెలు, తోటికోడలు. మోహాక్‌లో 'రక' అనే ఒక్క ముద్దలో ఇమిడిన ఇద్దరూ మన దగ్గర మాటకి చెరో కొసనా నిలబడ్డారు, అంతే తేడా. వాళ్ళకి మనిషి ముందు చేరతాడు, మనకి ఎక్కువగా వెనక చేరతాడు.

ఎక్కువగా అన్నాను. ఎందుకంటే మనకీ ముందు చేరినవాళ్ళున్నారు. నీకు ఇది చెప్పడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. పాత తమిళంలో, సంగం కవితల కాలంలో, తండ్రికి ఒక్క మాట లేదు. ఎందై అంటే నా తండ్రి, నుందై అంటే నీ తండ్రి, తందై అంటే తన తండ్రి. తల్లికీ అలాగే మూడు: యాయ్, ఞాయ్, తాయ్. కుఱుందొగైలో నలభయ్యో కవిత తమిళులందరికీ కంఠోపాఠం. ఒకరికొకరు ఏమీ కాని ఇద్దరి ప్రేమ గురించిన ఆ కవితలో ఈ నా తల్లి, నీ తల్లి, నా తండ్రి, నీ తండ్రి నాలుగు మాటలూ వరసగా వస్తాయి. అంటే రెండు వేల ఏళ్ళ కిందట మన దక్షిణాది భాషలో కూడా బ్రెబెఫ్ చెప్పిన మూడు రూపాల పద్ధతి ఉంది! ముర్రే ఎమెనో అనే పండితుడు 1953లో ద్రావిడ బంధువాచకాల మీద రాసిన వ్యాసంలో ఈ సంగతి లోతుగా చర్చించాడు. మన ఒంగోలు మనిషి భద్రిరాజు కృష్ణమూర్తి గారు కూడా 2003లో వచ్చిన తన పెద్ద గ్రంథంలో ద్రావిడ భాషల నిర్మాణమంతా ఒకచోట పెట్టారు. క్రమంగా నా, నీ రూపాలు రాలిపోయాయి, తన రూపం ఒక్కటీ మిగిలి, అందరికీ పనికొచ్చే మాటగా స్థిరపడింది. తమిళానికి తందై, కన్నడానికి తందె, మనకి తండ్రి. మన తండ్రిలో మొదటి అక్షరం ఆ పాత 'తన్'. తమ్ముడు కూడా అంతే, తమిళంలో తంబి. తమ అనే సర్వనామానికి వెనక పుట్టినవాడు అన్న అర్థం చేరి ఏర్పడింది.

ఇప్పుడు 'నేను మీ తమ్ముణ్ణి' అన్న వాక్యం తీసుకో. నేను ఒకటి. మీ ఒకటి. తమ్ముడిలో దాక్కున్న పాత 'తమ్' ఒకటి. చివర 'ణ్ణి'లో మళ్ళీ నేను. ఇంత చిన్న వాక్యంలో నాలుగు చోట్ల మనుషులు నిలబడ్డారు. నువ్వు నీ ఆఫీసులో ఎవరికైనా వెండాట్ వింత భాష అని చెప్పబోతే, ఈ వాక్యం కూడా పక్కన రాసి చూపించు.

వశిష్ఠకి అవతలి గట్టున, నరసాపురంలో, 1830ల్లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు దిగారు. గోదావరి డెల్టా మిషన్ అక్కడే మొదలైంది, తర్వాత ఇటు కోనసీమకీ వచ్చింది. తెలుగులో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనడానికి బ్రెబెఫ్ పడ్డ అవస్థ ఎవరికీ లేదు. తండ్రి అనే మాట ఒట్టిగా నిలబడుతుంది, ఎవరి సెలవూ అక్కర్లేదు. కానీ ఆ మాట లోపల, ఎవరూ చూడని చోట, 'తన' ఉండనే ఉంది. 1636లో ఒక ఫాదరీ తన పెద్దని బతిమాలుకుని అడిగిన సర్వనామం మన రాజోలు పేటల్లోని ప్రార్థన మందిరాల్లో ప్రతి ఆదివారం ఎవరికీ తెలియకుండానే పలుకుతోంది. ఈ ఆలోచన వచ్చిన రోజు నాకు నిద్ర పట్టలేదు బావా.

ఇక మోహాక్‌లోలా క్రియలో కర్మని కూడా చేర్చడం మనకి లేదు. 'చూశాను' అంటే నేనే కనిపిస్తాను, ఎవర్ని చూశానో కనిపించదు. కానీ మన కొండల్లో ఉంది. కువి, కుయి, పెంగొ ద్రావిడ భాషలే. వాటిలో ఇచ్చింది నాకో నీకో అయితే క్రియ ఒకలా ఉంటుంది, మూడోవాడికైతే ఇంకొకలా ఉంటుంది. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యంలోని సవర ముండా కుటుంబపు భాష. అందులో కర్మగా ఉన్న మనిషి నేరుగా క్రియలో చేరతాడు, ఒక్కోసారి వస్తువు పేరు కూడా చేరిపోతుంది. ఇరొక్వోయన్ భాషల్లోనూ అచ్చం ఇదే జరుగుతుంది. సవరకి మొదటి పెద్ద వ్యాకరణం రాసింది మన గిడుగు రామమూర్తి పంతులుగారే. 1931లో అచ్చయింది, 1938లో నిఘంటువు వచ్చింది. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు, ఆగస్టు 29న సభలు పెడతాం. సవరల ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళని ఇంటికి పిలిచి, ఆ భాష నేర్చుకుని, బళ్ళు పెట్టిన గిడుగుని తలచుకునేవాళ్ళు తక్కువ. నా దృష్టిలో ఆయన చేసిన పనుల్లో అదే పెద్దది.

మనం, మేం అన్న తేడా ఇరొక్వోయన్ కుటుంబంలోనూ ఉంది. వినేవాడిని కలుపుకుంటే ఒక ప్రత్యయం, విడిచిపెడితే ఇంకొకటి. ఇంగ్లీషుకీ ఫ్రెంచికీ ఇది లేదు కాబట్టి నువ్వు రోజూ మాట్లాడే రెండు భాషల్లోనూ నీకిది అవసరం పడదు. అందుకేనేమో, నీ ఉత్తరం రెండో పేజీలో 'మీ ఊళ్ళో వానలెలా ఉన్నాయి' అని రాశావు. అంతకు ముందు ఉత్తరాల్లో మన ఊరు అనేవాడివి. నిష్ఠూరం కాదు. అయినా చదివినప్పుడు కలుక్కుమంది, నీ దగ్గర దాచడం దేనికి? మీ నాన్నగారు కాకినాడలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ, హైదరాబాదులో ఉన్నన్నాళ్ళూ కొత్తపేటని మన ఊరనే అనేవారు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా మనం 'అనేవారు' అనే అంటున్నాం చూశావా, ఆ చివరి 'రు' ఆయనతో పాటు పోలేదు. చనిపోయినవారిని తలవడమే అవమానమన్న వెండాట్లకీ, చనిపోయినవారికి కూడా క్రియలో గౌరవం తగ్గించని మనకీ, మనిషిని మాటలో చేర్చకుండా మాట్లాడ్డం మాత్రం చేతకాదు.

ఆ జాతి కథ నీకు నాకంటే బాగా తెలిసి ఉండాలి, అయినా పుస్తకం చదివాక మనసులో తిరుగుతోంది కాబట్టి రాస్తున్నాను. అంటురోగాలు వచ్చి సగానికి సగం జనాన్ని తుడిచిపెట్టాయి. 1649లో వాళ్ళతో వైరమున్న ఇరొక్వోయి జాతుల సైన్యాలు పల్లెలు తగలబెట్టాయి, ఆ మార్చిలోనే బ్రెబెఫ్‌ని చంపేశారు. మిగిలినవాళ్ళు చెదిరిపోయారు. కొందరు క్విబెక్ దగ్గరికి చేరారు, వాళ్ళదే నువ్వు చూసిన వెండాకె. కొందరు పడమటికి పోయి వ్యాండాట్లన్న పేరుతో చివరికి ఓక్లహోమా దాకా నెట్టబడ్డారు. 1911, 12ల్లో మారియస్ బార్బో అనే కెనడా పండితుడు ఓక్లహోమా వెళ్ళి, అప్పటికి ఇంకా మాట్లాడగలిగిన పెద్దల నోట కథలు రాసుకున్నాడు. తర్వాత ఆ నోళ్ళు కూడా మూతబడ్డాయి. జెసూట్లు రాసుకున్న నిఘంటువులు, పియర్ పోతియే 1745లో రాసిన వ్యాకరణం, బార్బో రాసుకున్న కథలు మిగిలాయి. జాన్ స్టెక్లీ అనే ఆయన ఏళ్ళ తరబడి కూర్చుని ఆ రాతలన్నీ చదివాడు. 2007లో లావాల్ విశ్వవిద్యాలయం, వెండాట్ జాతి కలిసి యవెండా అనే పేరుతో భాషని తిరిగి తెచ్చే పని మొదలుపెట్టారు. వెండాట్ అమ్మాయి మెగన్ లుకానియెక్ తమ భాష క్రియా నిర్మాణం మీద 2018లో కాలిఫోర్నియాలో డాక్టరేటు చేసింది. తమ పూర్వీకుల్ని మార్చడానికి వచ్చినవాళ్ళ రాతల్లోంచే ఆవిడ తమ క్రియని వెనక్కి తెచ్చుకుంది. ఇంతకంటే పెద్ద పని ఒక మనిషి తన జాతికి చెయ్యగలదని నేననుకోను.

వెండాట్లకి నిఘంటువు ఉంది, వ్యాకరణం ఉంది. వాళ్ళకి అన్నిటికంటే కష్టమైనది ఏమై ఉంటుందని ఆలోచించాను. ధాతువులు పుస్తకంలో దొరుకుతాయి. నేను నీకు, వాడు నాకు, ఆమె వాళ్ళకి అనే ప్రత్యయాలు నోటికి రావాలంటే ఆ నేను, ఆ నువ్వు, ఆ వాడు, ఆ ఆమె ఎదురుగా ఉండాలి. పదిమంది మనుషుల మధ్య పెరిగితేనే పది ప్రత్యయాలు వస్తాయి. వెండాకెలో పిల్లలకి పాఠాలు చెబుతున్నవాళ్ళు ఒక భాషతో పాటు ఆ భాష మాట్లాడుకునే తాతల్నీ, మేనత్తల్నీ, ఇరుగుపొరుగునీ కూడా కొత్తగా తయారుచేసుకోవాలి.

ఇక్కడికే వద్దామనుకున్నాను బావా. మీ అమ్మగారు నవ్వుతూనే చెప్పారు. ఫోన్లో మీ పాప 'బామ్మా, నేను స్కూలు నుంచి వచ్చింది' అందట. ముద్దుగా ఉందని ఆవిడ సరిచెయ్యలేదు. పాప తెలివిలో లోపమేమీ లేదు. ఆ పిల్ల చెవిన పడేది మీ ఇద్దరి మాటలే. పాప వచ్చింది, పాప తింది, పాప నిద్రపోయింది అని తన గురించి మీరిద్దరూ అనుకునే మాటలే ఎక్కువగా వింటుంది, అదే తన క్రియ అనుకుంది. తెలుగులో ఆడపిల్ల వచ్చినా, ఆవు వచ్చినా, పంటు వచ్చినా వచ్చిందే కదా. నేను వచ్చాను అనే ఇంకో పిల్ల పక్కన ఉంటే వారంలో పట్టేస్తుంది. వచ్చారు అని ఎవరినైనా గౌరవంగా అనాల్సిన అవసరం ఆ ఇంట్లో తనకి ఎప్పుడు వచ్చింది? మీరు, వారు, వాళ్ళు, మనం అనడానికి మనుషులేరి? ముగ్గురున్న ఇంట్లో అన్ని ప్రత్యయాలూ ఎలా బతుకుతాయి చెప్పు. ఇక్కడ మా వీధిలో మూడేళ్ళ పిల్ల కూడా తాతయ్య వచ్చారనీ, పాలబ్బాయి వచ్చాడనీ, పిల్లి వచ్చిందనీ, మనం వెళదామనీ, మీరు రావద్దనీ గడగడా అంటుంది. ఎవరూ నేర్పలేదు. అంతమంది ఉన్నారు, అంతే.

మనకి వెండాట్ల పరిస్థితి లేదు. కోట్ల మంది మాట్లాడే భాష మనది. కానీ భాష కోట్లలో పోదు, ఇంటింటా పోతుంది. నీ ఇంట్లో పోనివ్వకు. వాళ్ళు వందల ఏళ్ళ నాటి రాతల్లో వెతుక్కుంటున్న మనుషులు నీకు ఫోను చేస్తే పలుకుతారు.

ప్రతి ఆదివారం పొద్దున్న, మీకు శనివారం రాత్రి అవుతుంది, పాప చేత మీ అమ్మగారితో తెలుగులోనే మాట్లాడించు. పక్కనుంచి నువ్వు అందించకు, సరిచెయ్యకు. మీ అమ్మగారి చుట్టూ ఎప్పుడూ నలుగురుంటారు, వాళ్ళందరితోనూ మాట్లాడనియ్యి. నేనూ వెళ్ళి కూర్చుంటాను. ఈ సంక్రాంతికి పిల్లని తీసుకురా. కనుమనాడు జగ్గన్నతోటకి వెళదాం. పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద వచ్చి ఒకచోట చేరతారు, ఊళ్ళకి ఊళ్ళే కదిలి వస్తాయి. ఆ జనంలో ఎవరమ్మాయివే అని పాపని కనీసం పదిమంది అడుగుతారు. నువ్వు జవాబు చెప్పకు, తననే చెప్పనియ్యి. టికెట్లు ముందుగా తీసుకుంటే చవకగా వస్తాయంటున్నారు. ఏ రోజు దిగుతారో తేలగానే రాయి, రాజమండ్రి విమానాశ్రయానికి నేనే వస్తాను.

ఇట్లు
నీ బావ